భారత్, జర్మనీల పరిశోధన టెక్నీషియన్ల సంఖ్యను పోల్చవచ్చా?

కంచరపాలెం మాస్టారు:

సభ్యులందరికీ నమస్కారం. మా పాలిటెక్నిక్‌లో చివరి సంవత్సరం విద్యార్థుల కోసం ఒక సదస్సు జరపాలనుకుంటున్నాము. డిప్లొమా చేతికి రాగానే ఈసెట్ రాసి బీటెక్ రెండో సంవత్సరంలో చేరడం తప్ప వేరే దారి లేదన్నట్టుగా పిల్లలు ఆలోచిస్తున్నారు. పరిశోధన సంస్థల్లో టెక్నీషియన్ ఉద్యోగం కూడా గౌరవప్రదమైన దారేనని, అందులోనూ విశాఖలో ఉన్నవారికి అది ఇంటి ముందరి దారేనని చెప్పాలని మా ఉద్దేశం. అందుకు మన దేశాన్ని జర్మనీతో పోల్చే ఒక చిన్న పట్టిక సిద్ధం చేస్తుండగా ఒక చిక్కు ఎదురైంది.

కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ గణాంకాల ప్రకారం 2018 ఏప్రిల్ 1 నాటికి దేశంలోని పరిశోధన సంస్థల్లో 5.52 లక్షల మంది పనిచేస్తున్నారు. వారిలో నేరుగా పరిశోధనలో ఉన్నవారు 3.42 లక్షలు. జర్మనీలో 2019 నాటికి పరిశోధన సిబ్బంది మొత్తం దాదాపు 7.35 లక్షలు, అందులో పరిశోధకులు దాదాపు 4.5 లక్షలు. జనాభాతో భాగిస్తే మన దగ్గర పది లక్షల మందికి సుమారు 253 మంది పరిశోధకులు, అక్కడ సుమారు 5,400 మంది. ఇంతవరకూ ఎవరూ ఆశ్చర్యపడరు.

పరిశోధకులను తీసివేసి మిగిలినవారిని లెక్కిస్తేనే వింతగా ఉంది. మన దగ్గర మిగిలేది 2.10 లక్షలు, అంటే ప్రతి వంద మంది పరిశోధకులకు 61 మంది. జర్మనీలో మిగిలేది 2.85 లక్షలు, అంటే వందకు 63 మంది. రెండు దేశాలూ దాదాపు సమానమని ఈ లెక్క చెబుతోంది. ఏ ప్రయోగశాల గుమ్మం తొక్కినవారైనా దీన్ని నమ్ముతారా? నేను నమ్మలేకపోతున్నాను గానీ, తప్పు ఎక్కడుందో చూపలేకపోతున్నాను. గణాంకాలు తెలిసినవారు దయచేసి విడమరచగలరు.

లెక్కలమారి:

మాస్టారూ, మీ అనుమానం సరైనదే. కూడికలు, భాగహారాలు తప్పలేదు. రెండు వైపులా మీరు తీసివేసిన సంఖ్యలు ఒకే జాతివి కావు.

ఈ లెక్కలకు ప్రపంచమంతా ఆధారంగా తీసుకునేది ఫ్రాస్కాటి మాన్యువల్. 1963లో ఇటలీలోని ఫ్రాస్కాటి పట్టణంలో ఓఈసీడీ (ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ) నిపుణులు సమావేశమై రూపొందించినందువల్ల ఆ పేరు వచ్చింది. ఇప్పుడు అమలులో ఉన్నది 2015లో వచ్చిన ఏడో కూర్పు. అది పరిశోధన సిబ్బందిని మూడు వరుసలుగా విభజిస్తుంది. కొత్త జ్ఞానాన్ని రూపొందించేవారు పరిశోధకులు; వారి పర్యవేక్షణలో ప్రయోగాలు, కొలతలు, పరికరాల నిర్వహణ వంటి శాస్త్ర సాంకేతిక పనులు చేసేవారు టెక్నీషియన్లు, తత్సమానులు; ఆ ప్రాజెక్టులకు నేరుగా తోడ్పడే గుమాస్తాలు, నైపుణ్యం గల పనివారు, తదితరులు ఇతర సహాయక సిబ్బంది. మీరు జర్మనీ వైపు తీసివేయగా మిగిలిన 2.85 లక్షల్లో రెండో, మూడో వరుసలు రెండూ ఉన్నాయి.

మన శాఖ సర్వే ఈ మూడు వరుసల్లో అడగదు. పరిశోధన కార్యకలాపాలు, అనుబంధ కార్యకలాపాలు, పరిపాలన అని మూడు గదులుగా అడుగుతుంది. మీకు మిగిలిన 2.10 లక్షల్లో సంస్థ జీతాల విభాగం, స్టోర్స్, ఎస్టేట్ సిబ్బంది కూడా చేరిపోయారు. మరోవైపు, మొదటి గదిలోని 3.42 లక్షలనే యునెస్కో పట్టికలో భారత పరిశోధకుల సంఖ్యగా చూపుతున్నారు. నేరుగా ప్రయోగంలో చేయి పెట్టే టెక్నికల్ అసిస్టెంటును ఆయన సంస్థ మొదటి గదిలో చూపిందా, రెండో గదిలో చూపిందా అన్నది ఆ సంస్థ ఫారం నింపిన అధికారి అవగాహనను బట్టి ఉంటుంది.

రెండో తేడా కొలమానంలో ఉంది. జర్మనీ అంకెలు ఎఫ్‌టీఈ (పూర్తికాల సమాన) పద్ధతిలో లెక్కించినవి. ఒక ఉద్యోగి ఏడాదిలో 40 శాతం సమయం పరిశోధనకు, మిగిలినది బోధనకు లేదా మామూలు పరీక్షలకు వెచ్చిస్తే అక్కడ ఆయన 0.4 మనిషి. మన 5.52 లక్షలు మాత్రం తలల లెక్క: సంస్థలో ఉద్యోగి అయితే చాలు, ఒకటి. కాబట్టి 61కీ 63కీ పోలిక యాదృచ్ఛికం. దాన్ని పట్టికలో పెట్టవద్దని నా సలహా.

సింధియా జంక్షన్:

ఇంత తేడా ఉన్నప్పుడు ఈ పోలికే ఎందుకు? ప్రపంచ బ్యాంకు వెబ్‌సైటులో పది లక్షల జనాభాకు పరిశోధన టెక్నీషియన్లు అని ప్రత్యేక సూచీయే ఉంది కదా. రెండు దేశాల పేర్లు ఎంచుకుంటే గీత గీసి ఇస్తుంది. మాస్టారు ఆ గీతను తెరమీద చూపిస్తే సరిపోతుంది.

లెక్కలమారి:

ఆ సూచీ కూడా యునెస్కో గణాంక సంస్థ నుంచి వచ్చేదే. యునెస్కోకు ఆ అంకెలు ఆయా దేశాల ప్రభుత్వాలు పంపేవే. మన గదుల సమస్య అక్కడా వెంట వస్తుంది. పైగా మన దేశంలో ఈ సర్వే ఏటా జరగదు కాబట్టి భారత్ గీతలో చాలా సంవత్సరాలు ఖాళీ. మధ్య ఖాళీలను సరళరేఖతో కలిపిన బొమ్మ చూసి, పెరిగిందనో తగ్గిందనో తీర్పు చెప్పడం అన్యాయం. ఇంకొక సంగతి, అమెరికా ఈ వరుసలో అంకె ఇవ్వదు. ఆ గడి ఖాళీగా కనబడినంత మాత్రాన అమెరికాలో టెక్నీషియన్లు లేరని ఎవరూ అనరు కదా.

పరవాడ కెమిస్ట్:

పరిశ్రమ వైపు నుంచి ఒక మాట చెప్పనివ్వండి. నేను ఫార్మా రంగంలో చాలా కాలంగా ఉన్నాను. సంస్థ పేరు అవసరం లేదు.

మా వైపు ప్రయోగశాలలో హెచ్‌పీఎల్‌సీ (ద్రావణంలోని పదార్థాలను వేరుచేసి కొలిచే యంత్రం) దగ్గర నిలబడి మొబైల్ ఫేజ్ కలిపి, వడగట్టి, గాలి బుడగలు పోగొట్టి, కాలమ్ పీడనం స్థిరపడే వరకు కాచుకుని, ఆ తర్వాత నమూనాల వరుస ఎక్కించే మనిషి సాధారణంగా ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివినవాడు. అతడి నియామక పత్రంలో రీసెర్చ్ అసోసియేట్ అనో, ఎగ్జిక్యూటివ్ ఆర్‌అండ్‌డీ అనో ఉంటుంది. రోజంతా చేసేది మాత్రం పైవారు రాసిచ్చిన పద్ధతి ప్రకారం పరీక్షలు నడపడం. లెక్కలమారి గారు చెప్పిన నిర్వచనం ప్రకారం అతడు టెక్నీషియన్. చదువు ప్రకారం, హోదా ప్రకారం పరిశోధకుల గదిలో ఉంటాడు. ఇలాంటివారు పరవాడ నుంచి అచ్యుతాపురం దాకా కోకొల్లలు.

దీనికి మన ఉద్యోగ విపణి ఒక కారణం. ఎల్‌ఏసీపీ (రసాయన కర్మాగార ప్రయోగశాల సహాయకుడు) ట్రేడులో రెండేళ్లు ఐటీఐ చేసిన కుర్రాడు చేయగల పనికి, దాదాపు అదే జీతానికి ఎమ్మెస్సీ దొరుకుతున్నప్పుడు, యాజమాన్యం ఎమ్మెస్సీనే తీసుకుంటుంది. తనిఖీకి వచ్చే విదేశీ అధికారులకు చూపే అర్హతల పట్టిక కూడా నిండుగా కనిపిస్తుంది.

రెండో కారణం పన్నులు. సంస్థ సొంత పరిశోధన విభాగానికి డీఎస్‌ఐఆర్ (కేంద్ర శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన శాఖ) గుర్తింపు తెచ్చుకుంటే, ఆదాయపు పన్ను చట్టం 35(2ఏబీ) కింద ఒకప్పుడు పరిశోధన ఖర్చుకు 200 శాతం మినహాయింపు ఉండేది. 2017 ఏప్రిల్ నుంచి అది 150 శాతానికి, 2020 ఏప్రిల్ నుంచి 100 శాతానికి తగ్గింది. మినహాయింపు రెట్టింపుగా ఉన్న రోజుల్లో ఒక ఉద్యోగిని ఉత్పత్తి విభాగంలో చూపాలా, పరిశోధన విభాగంలో చూపాలా అన్న సందిగ్ధం వస్తే ఏ వైపు మొగ్గు ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు. అందరూ అలా చేశారని నేను అనడం లేదు. గణాంకాలు చదివేటప్పుడు ఆ సంగతి మనసులో ఉంచుకోవాలి.

మాస్టారు పిల్లలకు తప్పక చెప్పవలసినది మరొకటి ఉంది. నాణ్యతా నియంత్రణ (క్యూసీ) ల్యాబ్‌లో ప్రతి బ్యాచ్‌కూ చేసే పరీక్ష పరిశోధన కాదు. ఫ్రాస్కాటి లెక్కలో మామూలు నాణ్యతా పరీక్షలను పూర్తిగా బయట పెడతారు. కాబట్టి విశాఖ చుట్టుపక్కల తెల్లకోటు వేసుకున్న ప్రతివారూ ఈ సంఖ్యలో లేరు.

ఎల్బే ఒడ్డు:

నేను విశాఖవాసినే, ఎంవీపీ కాలనీలో పెరిగాను. ఉద్యోగరీత్యా జర్మనీలో ఉంటున్నాను. మొదటి పోస్టు చదివినప్పుడే స్పందించాలనుకున్నాను, కుదరలేదు.

ఇక్కడి టెక్నీషియన్ ఎలా తయారవుతాడో చెబితే అంకెలు కొంత అర్థమవుతాయి. రసాయన ప్రయోగశాల టెక్నీషియన్‌ను ఇక్కడ కెమీలబొరాంట్ అంటారు. పాఠశాల ముగించిన పదహారు, పదిహేడేళ్ల పిల్లలు ఒక కంపెనీతోనో పరిశోధన సంస్థతోనో శిక్షణ ఒప్పందం కుదుర్చుకుంటారు. శిక్షణ మూడున్నరేళ్లు. వారంలో కొంత భాగం వృత్తి పాఠశాలలో, మిగతా భాగం అసలు ప్రయోగశాలలోనే గడుస్తుంది. మొదటి నెల నుంచే భృతి ఇస్తారు. పరీక్షను ఆ కంపెనీ పెట్టదు, స్థానిక పరిశ్రమల, వాణిజ్య మండలి పెడుతుంది, కాబట్టి ఒక ఊళ్లో పొందిన ధ్రువపత్రం దేశమంతా చెల్లుతుంది. భౌతికశాస్త్ర ప్రయోగశాలకు, జీవశాస్త్ర ప్రయోగశాలకు ఇలాంటి వృత్తులే విడిగా ఉన్నాయి. మాక్స్ ప్లాంక్ సంస్థల వర్క్‌షాపుల్లో లేతు యంత్రం దగ్గర నేర్చుకుంటున్న పిల్లలను నేను స్వయంగా చూశాను. నోబెల్ బహుమతి పొందినవారు నడిచే వరండాలోనే వారూ నడుస్తారు.

నాకు ఇంతకంటే ముఖ్యంగా తోచింది మరొకటి. ఇక్కడ పీహెచ్‌డీ విద్యార్థులూ, ఆ తర్వాతి యువ పరిశోధకులూ గడువు ఒప్పందాల మీద ఉంటారు. విశ్వవిద్యాలయాల్లో ఇలాంటి ఒప్పందాలకు చట్టమే పరిమితి పెట్టింది, డాక్టరేటుకు ముందు ఆరేళ్లు, తర్వాత ఆరేళ్లు. వారు వస్తారు, పోతారు. ప్రయోగశాలలో చాలా ఏళ్లు పాతుకుపోయి ఉండేది టెక్నీషియనే. ఏ పంపు ఏ వేసవిలో మొరాయిస్తుందో, పాత నమూనాలు ఏ ఫ్రీజరులో ఏ అరలో ఉన్నాయో, ముందటి విద్యార్థి రాసిన పద్ధతిలో ఏ మెట్టు పనిచేయదో చెప్పగలిగేది ఆమె ఒక్కతే. అవును, జీవశాస్త్ర ప్రయోగశాలల్లో తరచుగా ఆమే. మన దేశంలో దీనికి తలకిందులు: శాస్త్రవేత్త ఉద్యోగం శాశ్వతం, పరికరం నడిపే మనిషి ఔట్‌సోర్సింగ్ ఏజెన్సీ ద్వారా వచ్చి, టెండరు మారగానే వెళ్లిపోతాడు.

పాత సాగరయాత్రి:

ఎల్బే ఒడ్డు బాబు చివర రాసిన మాట నా అనుభవానికి సరిగ్గా తగిలింది. నేను సముద్ర పరిశోధనలో సాంకేతిక విభాగంలో పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. పట్టికల సంగతి నాకు అంతగా తెలియదు, ఓడ మీద పని తెలుసు.

బంగాళాఖాతంలో రెండు మూడు వందల మీటర్ల లోతుకు వెళ్తే నీటిలో ప్రాణవాయువు అడుగంటిపోతుంది. ఎంత అడుగంటిందన్నదే శాస్త్రానికి కావలసిన ప్రశ్న. దాన్ని కొలవడానికి 1888లో వింక్లర్ అనే హంగేరియన్ కనిపెట్టిన పద్ధతినే నేటికీ ప్రమాణంగా పెట్టుకుంటారు. లోతు నీటిని పట్టి తెచ్చే నిస్కిన్ సీసా డెక్కు మీదికి రాగానే మిగతా నమూనాలన్నింటికంటే ముందు ఆక్సిజన్ నమూనా పట్టాలి. రబ్బరు గొట్టంలో ఒక్క బుడగ లేకుండా చూసి, గాజుసీసా అడుగు దాకా గొట్టం దించి, నీరు పొంగి పొర్లేలా నింపి, వెంటనే మాంగనీస్ క్లోరైడు, ఆ తర్వాత క్షార అయొడైడు పిపెట్టు మొన ముంచి వదలాలి. మూత పెట్టినప్పుడు లోపల ఆవగింజంత గాలి మిగిలినా ఆ నమూనా పనికిరాదు. ప్రాణవాయువు ఎక్కువున్న నీటిలో గోధుమరంగు మడ్డి దిగుతుంది, లేని నీటిలో తెల్లగానే ఉండిపోతుంది. తర్వాత ఆమ్లం వేసి కరిగించి, పిండి ద్రావణం కలిపి, ఓడ ఊగుతుండగా థయోసల్ఫేటు చుక్కలు వదులుతూ నీలం రంగు ఏ చుక్కతో మాయమైందో పట్టుకోవాలి. రాత్రి రెండు గంటలకు స్టేషను (నమూనాలు తీయవలసిన చోటు) వస్తే రెండు గంటలకే చేయాలి.

ప్రచురించిన వ్యాసంలో ఆ అంకె మూడు దశాంశాలతో కనిపిస్తుంది. ఆ మూడో దశాంశం సాంకేతిక సిబ్బంది చేతి నైపుణ్యం. పేరు కృతజ్ఞతల పేరాలో ఉంటే అదృష్టం.

1983లో మనకు వచ్చిన సాగర్ కన్య నౌక జర్మనీలోనే తయారైంది. ఓడ వచ్చింది గానీ ఆ దేశం ఓడ నడిపే తీరు రాలేదు. మీటియోర్ వంటి వారి పరిశోధన నౌకల మీద శాస్త్ర సాంకేతిక సేవ అనే చిన్న బృందం నావికుల్లాగే ఓడ సిబ్బందిలో భాగం. ఏ దేశపు శాస్త్రవేత్తలు ఎక్కినా విన్చీలు, సెన్సార్లు, కొలతల వ్యవస్థ వారి చేతిలో ఉంటాయి. మన వైపు ప్రతి ప్రయాణానికీ ఎవరెవరినో సమకూర్చుకోవలసి వచ్చేది. కొత్తగా వచ్చిన జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలో) పిల్లవాడు సముద్రపు వికారంతో పడి ఉండగా అతడి వంతు డ్యూటీ కూడా మేమే చేసేవాళ్లం.

సింధియా జంక్షన్:

పెద్దలు రాసినది ఆసక్తికరంగా ఉంది. అయినా నా అభ్యంతరం నాది. జర్మనీనే ఆదర్శంగా ఎందుకు పెట్టుకోవాలి? దక్షిణ కొరియాను చూడండి. దేశీయోత్పత్తిలో 5 శాతం దాకా పరిశోధనకు ఖర్చు పెడుతోంది. మనం 2020-21లో పెట్టింది 0.64 శాతం, జర్మనీ 3 శాతానికి కాస్త పైన. అలాంటి కొరియాలో 2018లో పరిశోధన సిబ్బంది దాదాపు 5 లక్షలు కాగా అందులో పరిశోధకులే 4 లక్షలు దాటారు. అంటే వంద మంది పరిశోధకులకు మిగతావారంతా కలిపి పాతిక మంది కూడా లేరు. శాంసంగ్, హ్యుందాయ్ అలాగే నెగ్గుకొచ్చాయి. కాబట్టి టెక్నీషియన్లు తక్కువైతే పరిశోధన కుంటుపడుతుందన్న సిద్ధాంతం నిలబడదు.

లెక్కలమారి:

ఇది మంచి ప్రశ్న. ఈ చర్చలో ఇంతవరకు వచ్చినవాటిలో గట్టిది కూడా ఇదే.

కొరియాలో పరిశోధనలో సింహభాగం కంపెనీల్లో, అందులోనూ ఎలక్ట్రానిక్స్, వాహన రంగాల్లో జరుగుతుంది. అక్కడి కంపెనీ పరిశోధన కేంద్రంలో ఇంజనీరింగ్ డిగ్రీతో చేరినవారు పరిశోధకుల వరుసలోకే వెళ్తారు. సెమీకండక్టర్ రూపకల్పనలో పని ఎక్కువగా కంప్యూటరు ముందు సాగుతుంది. రసాయనాలు, యంత్ర పరికరాలు, ప్రాథమిక భౌతికశాస్త్రం ఎక్కువగా ఉన్న జర్మనీలో పరికరం పక్కన మనిషి కావాలి. అంటే ఈ నిష్పత్తి దేశపు శ్రద్ధను మాత్రమే చెప్పదు. ఆ దేశం ఏ రంగాల్లో పరిశోధిస్తోంది, డిగ్రీలను ఎంత ధారాళంగా పంచుతోంది అన్నవీ అందులో కలిసి ఉంటాయి.

మరి మన దేశం ఎవరికి దగ్గర? పరవాడ కెమిస్ట్ గారు చెప్పిన ఎమ్మెస్సీ కథ కొరియా కథలాగే వినిపిస్తుంది. కానీ మన ప్రభుత్వ ప్రయోగశాలలు ఆ కోవలోకి రావు. డీఆర్‌డీవో తన గురించి చాలాకాలంగా చెప్పుకుంటున్న లెక్కలో శాస్త్రవేత్తలు సుమారు 5,000, ఇతర సాంకేతిక, సహాయక సిబ్బంది సుమారు 25,000. అంటే ఒకరికి ఐదుగురు. ఒకే దేశంలో ఒక చోట ఒకరికి ఐదుగురు, మరో చోట టెక్నీషియన్ పని కూడా పరిశోధకుల హోదావారే చేస్తున్నారు. వీటి సగటు తీసి జర్మనీ సగటు పక్కన పెడితే ఎవరికీ ఏమీ తెలియదు.

కంచరపాలెం మాస్టారు:

ఎంతో విలువైన సమాచారం. అందరికీ కృతజ్ఞతలు.

డీఆర్‌డీవో ప్రస్తావన వచ్చింది కాబట్టి మా విద్యార్థులకు తెలిసిన కోణం చెబుతాను. ఎన్‌ఏడీ దాటి వెళ్తూ నౌకాదళ పరిశోధన చేసే డీఆర్‌డీవో ప్రయోగశాల ఎన్‌ఎస్‌టీఎల్ ప్రహరీని రోజూ చూసే పిల్లలే వీరు. 1969లో ఏర్పడిన ఆ ప్రయోగశాలలో 500 మీటర్ల పొడవైన టోయింగ్ ట్యాంకు ఉందని, ఓడల నమూనాలను అందులో లాగి నీటి నిరోధాన్ని కొలుస్తారని చెబితే కళ్లు పెద్దవి చేసుకుని వింటారు. అక్కడ ఎవరు పనిచేస్తారని అడిగితే శాస్త్రవేత్తలు అంటారు. ఆ క్యారేజీ పట్టాలను సరిచూసేది, సెన్సార్లు బిగించేది, మైనంతోనో ఫైబరుతోనో నమూనాను చెక్కేది ఎవరని అడిగితే జవాబు ఉండదు.

డీఆర్‌డీవో నియామక విభాగమైన సెప్టామ్ నోటిఫికేషన్‌లో సీనియర్ టెక్నికల్ అసిస్టెంట్-బీ పోస్టుకు డిప్లొమావారు, బీఎస్సీవారు, టెక్నీషియన్-ఏ పోస్టుకు ఐటీఐవారు అర్హులు. భాభా అణు పరిశోధన కేంద్రం (బార్క్) స్టైపెండరీ ట్రెయినీల్లో మొదటి కేటగిరీ డిప్లొమా, బీఎస్సీ వారికి, రెండోది ఐటీఐ, ఇంటర్ వారికి. శాస్త్ర, పారిశ్రామిక పరిశోధన మండలి (సీఎస్‌ఐఆర్)లో గ్రూప్ 2 టెక్నీషియన్లు, గ్రూప్ 3 టెక్నికల్ అసిస్టెంట్లు. వ్యవసాయ పరిశోధన మండలి (ఐకార్) సంస్థల్లో టీ-1 నుంచి టీ-9 దాకా నిచ్చెన. నా సందేహం ఇది: ఈ నాలుగు చోట్లా పనిచేసేవారిని ఫ్రాస్కాటి రెండో వరుసలో కలిపి చూపవచ్చా? టీ-9 దాకా ఎదిగిన ఉద్యోగి చేసే పని పరిశోధకుడి పనికి చాలా దగ్గరగా ఉంటుందే!

లెక్కలమారి:

నిర్వచనం హోదాను పట్టించుకోదు, చేసే పనిని చూస్తుంది. టీ-9 అధికారి స్వయంగా ప్రయోగాన్ని రూపొందిస్తుంటే మొదటి వరుస. రూపొందించినదాన్ని నడిపిస్తుంటే రెండో వరుస. కాని సర్వే ఫారం నింపేవారికి కేడరు రిజిస్టరు కనబడుతుంది, పని కనబడదు. అందుచేత ఆచరణలో కేడరును బట్టే గీత పడుతుంది.

ఎల్బే ఒడ్డు గారు చెప్పిన ఔట్‌సోర్సింగ్ సిబ్బంది విషయంలో 2015 కూర్పు ఒక మేలు చేసింది. సంస్థ సొంత జీతగాళ్లను అంతర్గత సిబ్బందిగా, ఏజెన్సీల ద్వారా వచ్చి పరిశోధనలో పాలుపంచుకునేవారిని బాహ్య సిబ్బందిగా విడివిడిగా చూపమంది. ఆ రెండో గడిని శ్రద్ధగా నింపితేనే ఆ మనుషులు లెక్కలోకి వస్తారు. సంస్థ ఖాతాలో వారి జీతం జీతంగా ఉండదు, సేవల బిల్లుగా ఉంటుంది. గణాంకాల ఫారం నింపే విభాగానికి ఆ బిల్లులో మనుషులు కనబడరు.

నిర్వాహకుడు:

ఏజెన్సీ ఉద్యోగుల జీతాలు, పీఎఫ్ బకాయిల గురించి వచ్చిన రెండు పోస్టులను ఉద్యోగ సమస్యల విభాగానికి తరలించాను. ఇక్కడ గణాంకాల చర్చ కొనసాగించగలరు.

గాజుపని:

ఇంతసేపూ చదువుతూ ఉన్నాను. నేను రసాయనశాస్త్రంలో పరిశోధన చేసినవాడిని. ఎక్కడో చెప్పను, అలాంటి చోట్లు చాలా ఉన్నాయి.

మా విభాగంలో ఒక గాజుపని నిపుణుడు ఉండేవారు. వాక్యూమ్ లైను పగిలితే ఆక్సిజన్ మంట ముందు కూర్చుని, రెండు గొట్టాల అంచులు మెత్తబడే దాకా తిప్పుతూ, అతికి, మెల్లగా ఊది, లోపల ఒత్తిడి మిగలకుండా ఓవెన్‌లో చల్లార్చి సాయంత్రానికి చేతికిచ్చేవారు. ఆయన పదవీ విరమణ చేశాక ఆ పోస్టు భర్తీ కాలేదు. ఆ తర్వాత పగిలిన ప్రతి ముక్కా హైదరాబాదుకు పార్సిలు. అది తిరిగి వచ్చే దాకా ప్రయోగం ఆగేది. లేదా ఎవరో ఒక స్కాలరు ఎపాక్సీ పూసి నెట్టుకొచ్చేవాడు, శూన్యం నిలిచేది కాదు.

నేను గణాంకాల వైపు తేదలచుకున్న విషయం ఇది. టెక్నీషియన్ ఖాళీ అయినప్పుడు ఆయన పని మాయం కాదు, స్కాలర్ల మీద పడుతుంది. మా దగ్గర ఎన్‌ఎంఆర్ పరికరానికి ద్రవ నత్రజని నింపే వంతులు, గ్లవ్ బాక్సు శుద్ధి, సాల్వెంట్ల స్వేదనం, సర్వీసు ఇంజనీరుకు ఫోన్లు, కొనుగోలు ఫైళ్లు అన్నీ జేఆర్‌ఎఫ్‌లే చూసుకునేవారు. ఎఫ్‌టీఈ సూత్రాన్ని నిజాయితీగా పాటిస్తే ఆ స్కాలరు సగం టెక్నీషియన్. ఏ పట్టికలోనూ అలా రాయరు. అతడు నిండు పరిశోధకుడు. ఒక శాశ్వత టెక్నీషియన్ జీతం ఆదా అయిందని సంస్థ అనుకుంటుంది, నెలకు 37,000 ఫెలోషిప్ ఇచ్చే ప్రభుత్వం పరిశోధకుడిని పోషిస్తున్నాననుకుంటుంది. పీహెచ్‌డీ మాత్రం రెండేళ్లు ఆలస్యమవుతుంది.

అంచేత సింధియా జంక్షన్ గారితో నేను ఏకీభవించలేను. మనదీ కొరియాదీ పైకి ఒకేలా కనిపించే నిష్పత్తి కావచ్చు. అక్కడ డిగ్రీ చదివినవాడు డిగ్రీ పని చేస్తుండవచ్చు. ఇక్కడ పరిశోధకుడు టెక్నీషియన్ పని చేస్తూ రెండు పనులూ అరకొరగా ముగిస్తున్నాడు.

సింధియా జంక్షన్:

గాజుపని గారి మాటకు నా దగ్గర జవాబు లేదు, కొరియా ప్రయోగశాలల్లో స్కాలర్లు ద్రవ నత్రజని నింపరని మాత్రం నేను హామీ ఇవ్వలేను. అయినా ఒక ప్రశ్న మిగిలింది. స్కాలరు తన చేత్తో పరికరం నడపడం శిక్షణలో భాగం కాదా? అన్నీ టెక్నీషియనే చేసి పెడితే శాస్త్రవేత్తకు చేతిపని ఎప్పుడు వస్తుంది?

పాత సాగరయాత్రి:

నేర్పేవాడు ఉండాలి కదా బాబూ. వింక్లర్ టైట్రేషను నేను చాలామంది స్కాలర్లకు నేర్పాను. వారి గైడ్లలో కొందరికి అది పుస్తకంలోనే తెలుసు.

ఎల్బే ఒడ్డు:

సరిగ్గా అదే. ఇక్కడ కొత్త పీహెచ్‌డీ విద్యార్థిని మొదటి కొన్ని వారాలు ప్రొఫెసరు దగ్గరికి కాదు, టెక్నీషియన్ దగ్గరికి పంపుతారు. సంతకం పెట్టి పరికరం వాడుకునే అనుమతి ఇచ్చేది కూడా తరచుగా ఆమే. ఆమె కాదంటే ప్రొఫెసరు కూడా ఒత్తిడి చేయరు.

కంచరపాలెం మాస్టారు:

పట్టిక విషయంలో ఒక నిర్ణయానికి వచ్చాను. దేశాల సగటుల గీతను తీసేస్తున్నాను. పరిశోధకుల వరుస మాత్రం ఉంచుతాను, సంవత్సరాలు వేరని పక్కనే రాస్తాను. టెక్నీషియన్ల దగ్గర దేశాల మధ్య పోలిక కాకుండా, మన కేడర్ల వివరాలు, వాటికి కావలసిన చదువు ఒక వైపు, జర్మనీలో మూడున్నరేళ్ల శిక్షణ క్రమం మరో వైపు చూపుతాను. మన 1961 అప్రెంటిసుల చట్టం ఇచ్చే అవకాశాన్ని కూడా అక్కడే చేరుస్తాను. పరిశోధన సంస్థలు కూడా ఆ చట్టం కింద అప్రెంటిస్‌లను తీసుకుంటాయన్న సంగతి మా పిల్లల్లో చాలామందికి తెలియదు.

చివరిగా ఒక సందేహం. పెదగంట్యాడ దగ్గరి మెడ్‌టెక్ జోన్‌లో పరీక్షా ప్రయోగశాలలు ఉన్నాయి. విద్యుదయస్కాంత పరీక్షలు, జీవ అనుకూలత పరీక్షలు చేసే డిప్లొమావారిని ఏ వరుసలో చెప్పాలి?

లెక్కలమారి:

వచ్చిన ప్రతి పరికరానికీ ప్రమాణం ప్రకారం అదే పరీక్ష చేసి ధ్రువపత్రం ఇస్తుంటే అది పరిశోధన లెక్కలోకి రాదు. ఒక కంపెనీ కొత్త పరికరం రూపొందిస్తూ, డిజైను మార్చి మార్చి అదే ల్యాబ్‌లో పరీక్షించుకుంటుంటే, ఆ ప్రాజెక్టుకు వెచ్చించిన గంటల మేరకు వస్తుంది. ఒకే కుర్రాడు ఉదయం లెక్క బయట, మధ్యాహ్నం లెక్క లోపల ఉండవచ్చు.

పరవాడ కెమిస్ట్:

మాస్టారూ, సదస్సులో ఇదొక్కటి చెప్పకపోయినా నష్టం లేదు. పిల్లలు గాభరా పడతారు. సదస్సు తేదీ తెలియజేయండి, వీలుంటే మా ల్యాబ్ నుంచి ఎల్‌ఏసీపీ చేసిన ఒక కుర్రాడిని వెంటబెట్టుకుని వస్తాను. హెచ్‌పీఎల్‌సీ కాలమ్ ఎలా పాడవుతుందో నాకంటే అతడే బాగా చెబుతాడు.